గోడలో ఏడు అంగుళాలు

"ముందు ఆ తాడు విప్పండి," అన్నాడు సత్యానందం.

కోదాడ క్యాంపు గదిలో ముగ్గురు పోలీసులున్నారు. ఒక్కడూ కదల్లేదు. గోడ గడియారంలో పన్నెండు దాటి పది నిమిషాలైంది.

కిటికీ ఊచకు కట్టేసి ఉన్న మనిషి పేరు గట్టయ్య. గొర్రెల కాపరి. తాడు ఒరుసుకుని మణికట్ల దగ్గర తోలు లేచిపోయింది. నడిగూడెం దారిలో మిలిటరీ వాళ్లు తుపాకులు పరీక్షించే మైదానం ఒకటుంది. నిన్న పగలు పదకొండు గంటలకు అక్కడ తుపాకుల మేస్త్రీ లాజరును ఎవరో వెనక నుంచి కాల్చి చంపారు. ఆ ఎవరో గట్టయ్యేనని నేరం. ఇవాళ నాలుగు గంటలకు లారీ ఎక్కించి మిర్యాలగూడ పంపాలని ఉత్తర్వు.

మిర్యాలగూడ దారి సంగతి సత్యానందానికి తెలుసు. పోలీసు చర్య జరిగి ఐదు నెలలైంది. ఈ ఐదు నెలల్లో ఆ దారిలో పదకొండు మంది ఖైదీలు పారిపోబోయి చచ్చారని కాగితాల మీద ఉంది. పదకొండు మందికీ తూటా రొమ్ములోనే తగిలిందని కూడా ఆ కాగితాల మీదే ఉంది. పారిపోయేవాడికి రొమ్ములో ఎలా తగులుతుందో రాసినవాడికి తోచలేదు, చదివినవాడు అడగలేదు.

"విప్పమన్నది వినబడలేదా?"

"వాళ్ల చెవులు నా గొంతుకి అలవాటు పడ్డాయండీ," అంటూ ఇన్‌స్పెక్టర్ చలమయ్య గుమ్మంలోకి వచ్చాడు. బెజవాడ వైపు నుంచి వచ్చిన స్పెషల్ పోలీసుకు ఇక్కడ ఆయనే పెద్ద. నోట్లో తమలపాకు, చేతిలో బెత్తం. "హైదరాబాదు సి.ఐ.డి.లో ఖైదీలకి విసనకర్రతో విసురుతారేమో. మా దగ్గర తాడే."

"చలమయ్యగారూ, చచ్చిపోయింది మిలిటరీ కొలువులో ఉన్న మనిషి. అందుకే నన్ను పంపించారు. నాలుగింటి దాకా ఈ మనిషి నా చేతిలో ఉన్నాడు. ఆ తర్వాతే మీ తాడు."

"అంటే మూడు గంటల యాభై నిమిషాలు. కానివ్వండి. ఉరి తీసే ముందు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చెప్పించినట్టు ఉంటుంది." చలమయ్య బెత్తంతో పోలీసులకు సైగ చేశాడు.

ఒక ముసలి జవాను ముడి విప్పాడు. విప్పుతూ విప్పుతూనే మూలనున్న నీళ్ల ముంతను కాలితో గట్టయ్య వైపు కాస్త జరిపాడు. అది చలమయ్య కంట పడలేదు. సత్యానందం చూశాడు కాని చూడనట్టే ఊరుకున్నాడు. గట్టయ్య ముంత ఎత్తి గటగటా తాగాడు.

"నిన్న పదకొండింటికి ఆ మైదానం కాడి మిట్ట మీద ఏం చేస్తున్నవ్?"

"గొర్లు మేపుతున్న, దొరా."

"దొరా అనకు."

"మరేమనాలె? గా సారును దొరా అనకపోతే తన్నిండు."

చలమయ్య కిసుక్కున నవ్వాడు. సత్యానందం నవ్వలేదు.

"తుపాకులు కాల్చే జాగల గొర్లెందుకు?"

"ఎర్రజెండా ఎత్తితె కాలుస్తరు, దించితె ఆపుతరు. నిన్న సాయ తాగనీకి జెండా దించిన్రు. దించినంక గొర్లను మలుపుకొని నీళ్లకు పోతాంటి. అంతల రెండు సార్లు పేలింది. గొర్లు బెదిరినయ్. ఆటి ఎనక నేను ఉరికిన. హెడ్డు సారొచ్చి మెడ పట్టిండు."

"ఉరికినట్టు వాడే ఒప్పుకుంటున్నాడు చూడండి," అన్నాడు చలమయ్య. "మా హెడ్డు కానిస్టేబులు వీరాస్వామి జెండా కర్ర దగ్గరే ఉన్నాడు. మిట్ట మీద గొంగడి కప్పుకున్నవాడు తుపాకి ఎక్కుపెట్టడం కళ్లారా చూశాడు. పరుగెత్తి పట్టుకున్నాడు. తుపాకి మాత్రం వీడు కమ్యూనిస్టు దళం వాళ్లకి అందించేశాడు. వాళ్లు పొదల్లో పడి పోయారు. ఇంకేం కావాలి మీకు?"

"గొంగడి లేకుంట గా ఎండల ఏ గొల్లోడు ఉంటడు?" అన్నాడు గట్టయ్య. "గొంగడి కప్పుకున్నోడల్లా కాలిస్తె, మా గూడెం గూడెం ఫౌజు గావాలె."

"తుపాకి ఎన్నడన్న పట్టినవా?"

"పట్టిన సారూ. లాజరు మేస్త్రీ ఒకనాడు సుట్ట ముట్టించుకుంట, జర పట్టుకో అన్నడు. పట్టిన. ముట్టించుకున్నంక ఇచ్చిన."

ఇలాంటి మాట ప్రాణం మీదికి వచ్చిన మనిషి చెప్పడు. అబద్ధం చెప్పేవాడైతే అసలే చెప్పడు. సత్యానందం కాగితం మీద అది కూడా రాసుకున్నాడు.

బయట ఒక ఆడమనిషి గొంతు పొద్దుటి నుంచీ ఆగకుండా వినిపిస్తూనే ఉంది. ఏడుపు కాదు, తిట్లు. గట్టయ్య భార్య మణెమ్మ. సత్యానందం ఆమెను లోపలికి పిలిపించాడు. వచ్చీ రాగానే భర్త చేతులు చూసింది. తర్వాత చలమయ్య ముఖం చూసింది.

"గొర్రెను కోసేటోడు గుడ కాళ్లు గట్టిగ కట్టడు. నీ చేతులల్ల పురుగులు పడ!"

"చూశారా మర్యాద?" అన్నాడు చలమయ్య.

"మణెమ్మా, ఇటు చూడు. నిన్న నువ్వు ఎక్కడున్నవ్?"

"వాళ్లు గురిపెట్టి కాల్చే గోడ ఎనక తంగేడు చెట్లల్ల. రోజు జెండా దించే యాళ్లకు ఈనికి తిననీకి గటుక తీస్కపోత. నిన్న గుడ పోయిన."

"కాల్చినోన్ని చూసినవా?"

"నడుమ గోడ అడ్డమున్నదాయె, ఎట్ల సూస్త? గని ఇన్న. చెవులకు గోడలు అడ్డమొస్తయా?"

"ఏం విన్నవ్?"

మణెమ్మ చలమయ్యకు వీపు పెట్టి సత్యానందం వైపు తిరిగింది. "ఇరవై రోజులాయె గాడ కాలుస్తున్నరు. మిట్ట మీది నుంచి కాలిస్తె ముందుగాల గోడ పలుకుతది. ఎనక తుపాకి పలుకుతది. నడుమ ఒక్క సప్పట్టు కొట్టేంత ఎడం ఉంటది. జెండా కాడి నుంచి కాలిస్తె రెండు ఒక్కసారే పలుకుతయ్. నిన్న రెండు ఒక్కసారే పలికినయ్. నా మొగడు మిట్ట మీదున్నడు. కాల్చినోడు మిట్ట మీద లేడు."

చలమయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అబ్బబ్బా! గొర్రెలు కాసే ఆడదాని చెవులు పుచ్చుకుని కోర్టుకెళతారా సత్యానందంగారూ? జడ్జీగారు ముందు చెవుల్లో గుబిలి తీయించుకు రమ్మంటారు."

"ఈమె చెప్పింది రాయమనండి మీ రైటరుని."

"రాయడు."

సత్యానందమే రాశాడు. మణెమ్మ వేలిముద్ర వేయించాడు. తూటా చప్పుడు కన్నా వేగంగా పోతుందని కాలేజీలో ఫిజిక్సు మాస్టారు చెప్పిన పాఠం అతనికి గుర్తుంది. ఈమె ఆ పాఠాన్ని ఒక చప్పట్టుతో కొలిచింది. అయినా చలమయ్య అన్నదీ నిజమే. ఈ కాలంలో కాపరి పెళ్లాం చెవులు ఏ ఆఫీసరుకూ పనికిరావు. చెవులు లేనిదీ, నోరు లేనిదీ, తన్నినా మాట మార్చనిదీ ఒకటి కావాలి.

"నేను గోడ చూసి వస్తాను. నేను వచ్చే దాకా వీళ్లిద్దరూ ఇక్కడే ఉండాలి."

"చిత్తం," అన్నాడు చలమయ్య, బెత్తం చివర చూసుకుంటూ.

*

కోదాడ నుంచి మూడు మైళ్లు. జీపు దిగేసరికి ఒంటిగంట దాటి ఐదు నిమిషాలు. మేజర్ బక్షీ ఈ పరీక్షలకు పెద్ద. రెండు రోజులు హైదరాబాదులో ఉండి ఇవాళే వచ్చాడు. గోడ దగ్గరికి రమ్మని ఆయన గుడారానికి చీటీ రాసి డ్రైవరుకిచ్చి పంపాడు సత్యానందం.

అది ఒకప్పుడు ఎవరిదో ఇల్లు. రజాకార్ల కాలంలో కాలిపోయింది. ఒక్క మట్టిగోడ మిగిలింది. మూరన్నర మందం, మనిషెత్తు. దాని నిండా తూటాల రంధ్రాలు, వాటి చుట్టూ సున్నంతో గీసిన గుండ్రాలు. పల్లెల్లో దళాల వాళ్లు ఇలాంటి గోడల చాటునే నక్కుతారు. ఎంత దూరం నుంచి, ఏ తుపాకితో కాలిస్తే గోడలోకి ఎంత దిగుతుంది? అది తేల్చడానికే ఇరవై రోజులుగా ఈ పరీక్ష. గోడ చాటున దళం వాళ్లే ఉంటారని ఎవరు చెప్పారు? పిల్లలూ ఉంటారు, ముసలివాళ్లూ ఉంటారు. ఆ లెక్క ఏ పరీక్షలోనూ లేదు.

గోడకు ఒక దీపపు గూడు ఉంది. లోపల ఇంకా మసి ఉంది. సున్నపు గుండ్రాలన్నీ ఆ గూటికి గజం దూరంలో ఆగిపోయాయి. గుండ్రాలు గీసింది లాజరే. దీపం పెట్టిన చోట కాల్చనీయకూడదని అనుకున్నాడేమో. ఆ మనిషిని సత్యానందం ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూసినట్టే అనిపించింది.

గోడ మొదట్లో నేల మీద నల్లని మరక. దాని పక్కన ఒకామె కూర్చుని ఉంది. లాజరు భార్య రూతమ్మ.

"నిన్న పొద్దుమూకకముందే మట్టి జేసినం," అంది, అడగకుండానే. "ఆయన సామాన్లియ్యమంటే ఎవ్వరు ఇస్తలేరు."

"కొలతలు రాసిన పుస్తకం ఉండాలె గదమ్మా?"

"హెడ్డు వీరాస్వామి తీస్కపోయిండు. అడిగితే పొయ్యిల పడి కాలిందంటడు. పుస్తకానికి కాళ్లుంటయా సారూ, నడిసిపోయి పొయ్యిల పడనీకి?"

సత్యానందం ఆమె పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "పుస్తకంల ఏమున్నదో మీకేమన్న తెలుసా?"

"పుస్తకం మేజరు కోసం. ఆయన కోసం ఇవున్నయ్." రూతమ్మ లేచి, గూట్లోకి చెయ్యి పెట్టి నాలుగు కట్టలు తీసింది. సన్నగా చీల్చిన వెదురు పుల్లలు. చూసినవాడికెవరికైనా పొయ్యి ముట్టించే పుల్లలనే అనిపిస్తాయి. వీరాస్వామికీ అలాగే అనిపించి ఉంటుంది. "పాత గంపలు ఇప్పి నేనే సీల్చి ఇచ్చేదాన్ని. రంధ్రం జేసినప్పుడల్ల ఒక పుల్ల లోపలికి దోపి, గోడ కాడికి కోసేటోడు. బర్మా లడాయిల వానకు పుస్తకాలన్ని నాని పోయినయంట. అప్పటి సంది కాయిదాన్ని నమ్మడు, పుల్లనే నమ్ముతడు."

ప్రతి పుల్ల చివరా కత్తితో పెట్టిన గాట్లున్నాయి. మూడు గాట్లంటే మూడువందల గజాలు, అంటే మిట్ట అని రూతమ్మ చెప్పింది. రెండు గాట్లు రెండువందలు, ఒకటి వంద. అసలు గాటే లేని కట్ట జెండా కర్ర దగ్గరి నుంచి కాల్చినది. గోడ నుంచి జెండా కర్రకు సత్యానందం అడుగులు వేసి కొలిచాడు. నలభై గజాలు. కర్ర, దాని వెనక దూరంగా మిట్ట, రెండూ గోడకు ఒకే వరసలో ఉన్నాయి. మిట్ట కూడా పేరుకే మిట్ట, మనిషెత్తుకు కాస్త ఎక్కువ. తూటా వచ్చిన వాలు చూసి ఏ చోటినుంచి వచ్చిందో చెప్పడం కుదరదు.

నాలుగు కట్టలూ నేల మీద పరిచాడు. పరిచి తెల్లబోయాడు.

మూడు గాట్ల పుల్లలు పదమూడు, పద్నాలుగు అంగుళాలు. గాటు లేనివి ఏడు. కొన్ని ఆరున్నరే.

"ఇది తారుమారైంది గదమ్మా? దగ్గరి నుంచి కాలిస్తే ఎక్కువ దిగాలె. దూరం నుంచి కాలిస్తే తక్కువ."

"నేను గుడ గట్లనే అన్న. ఆయన నవ్విండు." రూతమ్మ ముఖంలో అంతవరకు లేనిదేదో ఒక్క నిమిషం కదిలిపోయింది. "రూతూ, బొంగరం ఇడిసినప్పుడు సూడు, ముందుగాల ఊగుతది, తర్వాతనే నిలుస్తది. తూటా గుడ అంతే. తుపాకిల నుంచి ఎల్లంగనే ఊగుతుంటది. ఊగుకుంట మన్నును తగిల్తె అడ్డం తిరుగుతది, వంగుతది, గాడనే ఆగుతది. జర దూరం పోయినంక నిలకడ మీదికొచ్చి సూదిలెక్క దిగుతది. ఆఫీసర్లకే తెల్వదిది, నీకేం తెలుస్తది అన్నడు."

లాజరు మీద పేలినవి రెండు. ఒకటి వీపులో దిగి అతన్ని తీసుకుపోయింది. మొదటిది గురి తప్పి గోడలో దిగింది. ఆ రంధ్రం చుట్టూ చలమయ్య మనుషులు సాక్ష్యం కోసం బొగ్గుతో గీత గీసి పెట్టారు. సత్యానందం ఒక కొత్త పుల్ల తీసుకుని నెమ్మదిగా లోపలికి దోపాడు. గోరుతో గుర్తు పెట్టి బయటికి లాగి, గాటు లేని కట్ట పక్కన పెట్టాడు.

ఏడు అంగుళాలు.

*

రెండు గంటలకు మేజర్ జీపు వచ్చింది. వెనక సీట్లోంచి చలమయ్య దిగాడు.

"ఆ రంధ్రం నేను నిన్ననే కొలిపించాను," అన్నాడు, సత్యానందం నోరు తెరవకముందే. "ఏడంగుళాలు. తూటా అలిసిపోయి వచ్చిందన్నమాట. అంటే దూరం నుంచి. అంటే మిట్ట మీద నుంచి. గోడ కూడా నా వైపే సాక్ష్యం చెబుతోందండీ."

"అదే గోడను మేజరు గారి ఎదుట మళ్లీ అడుగుదాం."

"ఏం అడుగుతారు? ఇది పరీక్షలు చేసే చోటే గాని పిల్లలు ఆడుకునే చోటు కాదు. ఒక దళం వాడి కోసం..."

"అతను దళం వాడని మీకు ఎవరు చెప్పారు?"

"వీరాస్వామి చెప్పాడు."

"వీరాస్వామి తప్ప ఇంకెవరు చెప్పారు?"

చలమయ్య ముఖం ఎర్రబడింది. "మీకిది అలవాటేనయ్యా! రజాకార్లున్నప్పుడు వాళ్లకి సలాం కొట్టి ఉద్యోగం చేశారు. ఇప్పుడు మేము ప్రాణాలొడ్డి ఈ జిల్లాని బాగుచేస్తుంటే, ఇస్త్రీ చొక్కా నలక్కుండా వచ్చి తప్పులు వెతుకుతారు. మీది సూర్యాపేటేగా? మీ ఊళ్లోనే ఎందరు దళాలకి అన్నం పెట్టారో నా దగ్గర జాబితా ఉంది. అందులో మీ చుట్టాలు లేరనుకుంటున్నారా?"

"ఉంటే ఉండనీ." సత్యానందం గొంతు పెంచలేదు. పెంచితే చెయ్యి కూడా లేస్తుందని అతనికి తెలుసు. "ఆకలితో వచ్చినవాడికి మా అమ్మ కూడా పెట్టి ఉంటుంది. ఆమె పేరు కూడా రాసుకోండి. ముందు ఇది తేల్చండి. ఒక మనిషి మెడ మీద ఏడంగుళాలు పెట్టి కోస్తున్నారు మీరు. ఆ ఏడంగుళాలు ఎక్కడివో చూడడానికి అరగంట పట్టదు."

మేజర్ బక్షీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పొడుగాటి మనిషి, అలిసిపోయిన కళ్లు. హిందుస్తానీలో అన్నాడు: "లాజరు నాతో బర్మాలో మూడేళ్లు ఉన్నాడు. అరగంట ఏమిటి, రోజంతా కాలుద్దాం."

ఆయన తన వెంట వచ్చిన సిపాయిని మిట్ట మీదికి పంపాడు. మైదానం పక్కన తుపాకులు దాచే షెడ్డులోని త్రీనాట్‌త్రీ రైఫిలే, లాజరు వాడిన రకం తూటాలే. ఎర్రజెండా ఎత్తారు. అందరూ గోడకు పక్కగా, చాటున నిలబడ్డారు.

టక్. ఢాం.

మధ్యలో సరిగ్గా ఒక చప్పట్టు. మణెమ్మ మాట వెంట్రుకవాసి కూడా తేడా రాలేదు. మరో రెండు తూటాలు. జెండా దించారు. రూతమ్మే వెళ్లి పుల్లలు దోపింది. పద్నాలుగు అంగుళాలు. పదమూడున్నర. పద్నాలుగు.

"ఇప్పుడు జెండా కర్ర దగ్గరి నుంచి," అన్నాడు సత్యానందం.

ఈసారి గోడా తుపాకీ కలిసి ఒక్కటే చప్పుడు. మూడు సార్లు. రూతమ్మ మూడు పుల్లలు తెచ్చి మేజర్ చేతిలో పెట్టింది. ఏడు. ఆరున్నర. ఏడు.

మేజర్ సిపాయి చేత గడ్డపారతో ఒక మిట్ట తూటా, ఒక జెండా తూటా, బొగ్గు గీతలోని తూటా తవ్వించాడు. మిట్ట తూటా నిటారుగా, ముక్కు మీద గీతైనా పడకుండా ఉంది. మిగతా రెండూ పక్కకు తిరిగి, నడుము విరిగి, అన్నదమ్ముల్లా ఒకటేలా వంగి ఉన్నాయి. ఆ రెండింటినీ ఆయన చలమయ్య అరచేతిలో పెట్టాడు.

చలమయ్య వాటిని చాలాసేపు చూశాడు. తమలపాకు నమలడం ఎప్పుడు ఆపాడో ఆయనకే తెలియదు.

"మీ వీరాస్వామి తుపాకి?" అన్నాడు సత్యానందం.

"నిన్ననే... నేనే గొట్టం వాసన చూశాను. శుభ్రంగా ఉంది. కాల్చలేదు."

"షెడ్డులో అరవై తుపాకులున్నాయి. వాటి వాసన ఎవరైనా చూశారా?"

జవాబు మేజర్ దగ్గరి నుంచి వచ్చింది. "హైదరాబాదు వెళ్లే ముందు లాజరు నా దగ్గరికి వచ్చాడు. షెడ్డులో కొన్ని మంచి తుపాకులు మాయమై, వాటి చోట తుప్పు పట్టినవి వచ్చాయన్నాడు. గొట్టం లోపలి గీతలు చూస్తే తెలుస్తుందన్నాడు. ఎవరు తీస్తున్నారని అడిగాను. 'మీరు తిరిగి వచ్చాక చెప్తాను సాబ్, తాళంచెవి ఉన్న మనిషి ముందు చెప్పలేను,' అన్నాడు. అప్పుడు గుడారంలో నేనూ, లాజరూ, షెడ్డు కాపలా చూస్తూ తాళంచెవి దగ్గర పెట్టుకునే మీ హెడ్డు కానిస్టేబులూ ఉన్నాం."

ఆ మాటతో ఇక పేరు చెప్పాల్సిన పని ఎవరికీ లేకపోయింది. జెండా దించి అందరూ టీకి పోయాక మైదానంలో లాజరు కాక మిగిలింది ఒక్కడే. గట్టయ్య మీద సాక్ష్యం చెప్పిందీ ఆ ఒక్కడే.

"వీరాస్వామి క్యాంపులో ఉన్నాడు కదా?" అన్నాడు సత్యానందం. "పదండి. వాణ్ని..."

చలమయ్య కదలలేదు.

"ఏం?"

"లారీ పంపేశాను. ఇక్కడికి వచ్చే ముందే. ఒకటిన్నర దాటాక. మీరు తిరిగొచ్చి కాగితాలు తిరగేసి ఆపుతారని... నాలుగింటి దాకా ఎందుకని..."

సత్యానందం గడియారం చూశాడు. రెండు నలభై.

"లారీలో ఎవరున్నారు?"

"డ్రైవరు. గట్టయ్య. కాపలాకి..." చలమయ్య అరచెయ్యి మూసుకుంది. లోపల రెండు తూటాలు ఒకదానికొకటి రాసుకున్న చప్పుడు వినిపించింది. "కాపలాకి వీరాస్వామి."

మేజర్ అప్పటికే జీపు వైపు పరుగెత్తుతున్నాడు. దళాల వాళ్లు దారి పొడుగునా గండ్లు కొట్టారు. లారీ గంటకు ఎనిమిది మైళ్లు మించి పోలేదు. కోదాడ నుంచి హుజూర్‌నగర్ పన్నెండు మైళ్లు. ఇంకా దాటి ఉండదు. జీపైతే గండ్ల పక్క నుంచి దిగి ఎక్కగలదు. సత్యానందం ఈ లెక్కంతా వేసుకుంటూ రెండడుగులు వేసి ఆగాడు.

"మణెమ్మ ఏది?"

చలమయ్య తలెత్తలేదు.

"లారీ కదలకుండా చక్రం ముందు పడుకుంది. పోలీసులు ఈడ్చినా లేవలేదు. నేనే... పోనీలెండి, పాపం, మొగుడితో పాటు ఎక్కనివ్వమన్నాను. కొట్టించలేదు. ఒట్టు, ఆమె మీద చెయ్యి పడనివ్వలేదు."

రెండు రోజుల్లో ఈ మనిషి చేసిన ఒకే ఒక్క మంచిపని అది. సత్యానందం వెనక్కి వచ్చి ఆయన ఎదుట నిలబడ్డాడు.

"ఆమె ఏం విన్నదో వీరాస్వామికి తెలుసా?"

గాలి లేదు. ఎర్రజెండా కర్రకు అంటుకుపోయి ఉంది. రూతమ్మ వెదురు పుల్లలు గుండెకు హత్తుకుని, చలమయ్య నోటి వైపే చూస్తోంది.

"తెలుసు. ఆమెను ఎక్కించేటప్పుడు నేనే చెప్పాను. దీని చెవులతో జాగ్రత్తరోయ్, తుపాకి ఎక్కడ పేలిందో కూడా చెప్పేస్తుంది, అన్నాను." ఆయన పెదవులు తడుపుకున్నాడు. "అని... ఇద్దరం నవ్వుకున్నాం."

సత్యానందం ఆయన చొక్కా పట్టుకుని జీపు దాకా లాక్కుపోయాడు. చలమయ్య పెనుగులాడలేదు.

"ఎక్కు," అన్నాడు సత్యానందం. ఇన్ని గంటల్లో మొదటిసారి గారు పోయింది, మీరు పోయింది. "ఖైదీల్ని దింపేటప్పుడు లారీ ఎక్కడ ఆపుతారు?"

ఇంజన్ మోగింది. చలమయ్య మేజర్ ముఖం చూశాడు, తర్వాత తన చేతులు చూసుకున్నాడు. ఏ కాగితం మీదా రాయని మాట అది. ఏ కోర్టులోనూ ఒప్పుకోని మాట.

"హుజూర్‌నగర్ దాటాక," అన్నాడు. "రెండో మైలురాయి దగ్గర. ఎడమ చేతి వైపు ఎండిపోయిన వాగు ఉంటుంది. అక్కడే."